లంకగేదె సంగీతానికి ఏకార్థ ధ్రువీకరణ

ఈ కథకంతటికీ మూలం ఒక పిల్లి. అదీ నిజం పిల్లి కాదు, వయొలిన్ మీద వినిపించిన పిల్లి.

సాంస్కృతిక శాఖతోపాటు వరద సహాయం శాఖను కూడా ఒంటిచేత్తో లాక్కొస్తున్న మంత్రిగారు ఒకనాటి సాయంత్రం వాద్య కచేరీకి వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. పాట లేదు, మాట లేదు, ఉత్త వాద్యాలు. సగంలో వయొలిన్ సన్నగా మూలిగేసరికి ఆయన మనసు కరిగిపోయింది. కండువాతో కళ్లొత్తుకున్నారు. వెనక వరసల్లో పిల్లలు పకపకా నవ్వారు. తీరా ఆరా తీస్తే అది పిల్లి ఉట్టి మీద పెరుగు కాజేసే ఘట్టమట! ఆ కన్నీళ్లనీ ఆ నవ్వుల్నీ పక్కపక్కన పెట్టి టీవీలవాళ్లు రోజంతా తిప్పి తిప్పి చూపించారు.

"తప్పు నాది కాదు, సంగీతానిది" అన్నారు మంత్రిగారు. "ఒకే ముక్క విని ఒకడేడ్చి ఇంకొకడు నవ్వితే అది సంగీతం ఎలా అవుతుందయ్యా? పరిపాలనా లోపం అవుతుంది గానీ."

ఆ మాట మీద 'ఏకార్థ సంగీత విధానం' పుట్టింది. మాటల్లేని సంగీతం కథ చెప్పదలుచుకుంటే, ఆ కథేమిటో ముందు సర్కారు తేల్చాలి. తేల్చిన కథే అందరికీ అర్థం కావాలి. అర్థమైనవాళ్లంతా ఒకేసారి ఒకే రకంగా స్పందించాలి. ఇందుకోసం రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద ఒక మేడ అద్దెకు తీసుకుని 'సంగీతార్థ నిర్ధారణ సంస్థ' అని బోర్డు తగిలించారు. విశ్వపతిగారిని డైరెక్టరుగా వేశారు. ఆయన అంతకుముందు తూనికలు, కొలతల శాఖలో ఉండి కిరాణా కొట్లవాళ్ల గుండెల్లో నిద్రపోయిన మనిషి. సంగీతం గురించి ఆయనకు ఏ దురభిప్రాయమూ లేదు, ఎందుకంటే ఏ అభిప్రాయమూ లేదు.

సరిగ్గా అప్పుడే హైమకు కచేరీ కుదిరింది. కాలం కలిసిరావడం అంటే ఇదే.

హైమ సంగీతం కట్టే మనిషి. ఫలానా బాణీ అని ఒక గూట్లో కుదురుగా కూర్చునే రకం కాదు. దెయ్యం సినిమాకి వీణ పెట్టి జనాన్ని కుర్చీల కింద దూరేట్టు చేసింది. ప్రేమ సినిమాలో అలిగిన పిల్లకి డప్పు వాయించింది. కథ ఏది అడిగితే అది ఇవ్వాలి, వాద్యం కులగోత్రాలు అడగకూడదు అనేది తన సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది గానీ సినిమాల్లో ఆవిడ పేరు టీ, టిఫిన్లు అందించినవారి పేర్ల తర్వాత, జనం చెప్పులు వెతుక్కునే వేళకి పడేది. వీడియో గేములకి చేస్తే, ఆడేవాళ్లు బస్సులో పక్కవాళ్లు కసురుతారని చప్పుడు ఆపేసి మరీ ఆడుకునేవాళ్లు.

ఆ గేముల్లో ఒకటి మాత్రం ఊరూరా పాకింది. దాని పేరు 'లంకగేదె'. గోదావరికి వరదొచ్చి నది నడుమ ఉన్న లంక మునుగుతుంటే పశువుల్ని పడవెక్కించి గట్టుకి తెస్తారు. ఆ హడావుడిలో నుదుటి మీద తెల్లచుక్క ఉన్న చుక్కమ్మ అనే గేదెను ఎక్కించి, దాని దూడను లంకలోనే మరిచిపోతారు. చుక్కమ్మ పడవలోంచి దూకి వెనక్కి ఈదుతుంది. ఆడేవాళ్లు దాన్ని దూడ దగ్గరికి చేర్చాలి. ఇందులో సంగీతం ఆటను బట్టి నడుస్తుంది. గేదెను బాగా ఈదిస్తే నాదస్వరం అందుకుంటుంది, అలిసిపోతే సెల్లో అనే వాద్యం మూలుగుతుంది, సుడిలో పడితే డప్పులు మోగుతాయి. గేదె మునిగిందా, సంగీతమూ అక్కడితో సరి.

ఆ సంగీతాన్నే ఇప్పుడు కచేరీగా కూర్చింది హైమ. గోడల మీద పోస్టర్లలో మొట్టమొదటిసారి తన పేరొక్కటే. టిఫిన్ల ప్రసక్తి లేదు. వినడానికే వచ్చి కూర్చునే జనం ముందు తన సంగీతం! తలుచుకుంటే ఆవిడకు అన్నం సహించేది కాదు.

అందులోనూ ప్రాణమంతా చివర్లో ఒక చోట పెట్టుకుంది. గేదె లంకను సమీపించాక వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కాసేపు ఏమీ ఉండదు. చిన్నప్పుడు వరదల్లో గట్టు మీద నిలబడి హైమ కళ్లారా చూసిన సంగతి అది. ఎర్రనీళ్లలో గేదె తల మునిగిపోయింది. గట్టు మీద జనమంతా ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత ఎప్పటికో కొమ్ములు కనిపించాయి. ఆ బిగబట్టిన ఊపిరి కోసమే ముందున్న సంగీతమంతా కట్టింది. అది లేకపోతే కచేరీ చేసినా ఒకటే, మానినా ఒకటే.

నాదస్వరానికి మీరాసాహెబ్‌ను అడిగింది. చిలకలూరిపేట వైపు పేరుమోసిన విద్వాంసుడు. విషయం వినగానే ఆయన వాద్యాన్ని గుడ్డలో చుట్టేశాడు.

"ఏందమ్మాయ్, మా తాతల కాడ్నించి దేవుడికీ పెళ్లిళ్లకీ ఊదిన నాదస్వరం ఇది. ఇప్పుడు గొడ్డుకి ఊదమంటావా?"

"గొడ్డు కాదు బాబాయ్, తల్లి."

ఆయన కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "తల్లి అన్నావు గాబట్టి ఊదుతా" అని చుట్టిన గుడ్డ మళ్లీ విప్పాడు.

అంతా సిద్ధమయ్యాక, అర్థ నిర్ధారణ పత్రం లేనిదే తలుపు తెరిచేది లేదన్నారు హాలువాళ్లు. హైమ సంస్థకు వెళ్లింది. డైరెక్టరుగారి వెనక గోడ మీద 'వాద్యార్థ పట్టిక' అని నిలువెత్తు బోర్డు ఉంది. వేణువు: తెల్లవారుట, గోవులు. వయొలిన్: విచారము (పిల్లులకు వర్తించదు). నాదస్వరము: వివాహము. డప్పు: జాతర లేక ఎన్నికలు. సెల్లో: పెద్ద వయొలిన్, కావున పెద్ద విచారము.

"చూడండమ్మా" అన్నారు విశ్వపతిగారు ఎంతో ఆదరంగా. "కందిపప్పు కిలో అనిన, కొన్నవాడు ఎవడైనను కిలోయే. విచారమూ అంతే. మీ ఇంటికొక తూకము, మా ఇంటికొక తూకము ఉండరాదు. ఇక మీ రచనను పరిశీలింతము. గేదె కలదు. నాదస్వరము కలదు. కావున గేదెకు వివాహము. డప్పులు కలవు, అనగా ఊరేగింపు. పిమ్మట పెద్ద విచారము, అనగా అప్పగింతలు. అర్థము చక్కగా కుదిరినది. 'గేదె వివాహ మహోత్సవము' అని వ్రాయుచున్నాను."

"అయ్యో, పెళ్లేంటండీ! వరదలో ఈదుతోందండీ అది. దూడ కోసం వెళ్తోంది."

డైరెక్టరుగారు కలం కింద పెట్టారు. ముఖం గంభీరమైంది.

"దూడ కూడా ఉన్నదా? వివాహమునకు పూర్వమే దూడ ఉండుట ప్రభుత్వ విధానమునకు సరిపడదు." కాసేపు కణతలు నొక్కుకున్నారు. తర్వాత ముఖం వికసించింది. "పునర్వివాహము! అభ్యుదయకరముగా కూడా ఉండును."

వివాహం అన్నాక ఊరుకుంటారా? వధువు ఆరోగ్యంగా ఉన్నదని పశుసంవర్ధక శాఖ నుంచి, వధువుకు వయసు వచ్చినదని స్త్రీ శిశు సంక్షేమ శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రాలు తెమ్మన్నారు. పశుసంవర్ధక శాఖవాళ్లు వధువును ఆసుపత్రికి తోలుకు రమ్మన్నారు. సంక్షేమ శాఖవాళ్లు మాత్రం వెంటనే జవాబిచ్చారు: వరుని వివరములు జతపరచవలెను.

మీరాసాహెబ్‌కి ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను ముందే చెప్పలా, దీన్ని పెళ్లిళ్లకే ఊదుతారని? మా తాత వినుంటే సంబరపడేవాడు."

హైమకు మాత్రం నవ్వు రాలేదు. కచేరీ దగ్గర పడుతోంది. ఉక్రోషం పట్టలేక మళ్లీ డైరెక్టరుగారి దగ్గరికెళ్లి, "సార్, పట్టిక సంగతి అలా ఉంచి ఒక్కసారి మొత్తం వినండి. ఆ గేము ఆడి చూడండి, మీకే తెలుస్తుంది" అనేసింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని ఆ క్షణంలో ఆవిడకు తెలియదు.

"మంచి ప్రస్తావన" అన్నారు విశ్వపతిగారు. "సంగీతమును శ్రవణాధికారి ఆసాంతము వినిన పిదపనే అర్థము మార్చవచ్చునని నిబంధన. ఆసాంతము అనగా చివరి వరకు. సత్యలింగంగారూ!"

శ్రవణాధికారి సత్యలింగం మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు. కాకినాడ మనిషి, మెత్తనివాడు. "ఆయ్, వింటానండి" అన్నాడు. "చేపలు మాటాడవు కదండి, అక్కడ వినే పనే లేదండి. ఇక్కడే కొత్తగా అలవాటు చేసుకుంటన్నానండి."

సత్యలింగం ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని చుక్కమ్మను గోదావరిలోకి దింపాడు. గేదె నాలుగు బారలు ఈదింది. నాదస్వరం అందుకుంది. సత్యలింగం తల ఊపుతూ తన్మయత్వంతో కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి గేదె మునిగిపోయింది, సంగీతం ఆగిపోయింది. ఆయన నియమం తప్పని మనిషి కనుక ఉన్నదున్నట్టు నివేదిక రాశాడు: "సంగీతము నదీమధ్యమున అర్ధాంతరముగా నిలిచిపోయినది. మిగిలిన భాగమును కర్త సమర్పించలేదు. సంజాయిషీ కోరవచ్చును."

హైమ పరుగెత్తుకొచ్చింది. "సంగీతం ఆగిపోలేదండీ, గేదెను మీరు ముంచేశారు!"

"నేనాండి?" సత్యలింగం నొచ్చుకున్నాడు. "మత్స్యశాఖలో ఇన్నేళ్లు చేశానండి. మా నీళ్లలో ఏదీ మునిగినట్టు రికార్డు లేదండి."

"ఇలా ఇవ్వండి, నేను దాటించి వినిపిస్తాను."

"వీలు పడదు" అన్నారు డైరెక్టరుగారు తన గదిలోంచే. "కర్తయే గేదెను దాటించుట పక్షపాతము అగును."

అంచేత సత్యలింగమే మళ్లీ ఆడాడు. మళ్లీ మునిగింది. ఇంకోసారి కొంచెం ముందుకెళ్లి మునిగింది. గుమాస్తాలు ఆయన కుర్చీ వెనక గుమిగూడారు. "సార్, ఎడమకి, ఎడమకి! అటు సుడుంది!" "అబ్బబ్బ, తొందరపెట్టకండి, దానికి ఆయాసం వస్తోంది!" గేదె మునిగినప్పుడల్లా టైపిస్టు కామాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేది. అకౌంట్సాయన గేదె పేరు మీద మార్కండేయస్వామికి అభిషేకం చేయించి ప్రసాదం తెచ్చి కంప్యూటర్‌కి బొట్టు పెట్టాడు. 'తూనికల శాఖలో దీనికన్న బరువైనవి మోసితిమి' అంటూ డైరెక్టరుగారు స్వయంగా దిగి, ఒడ్డు దిగకుండానే ముంచేసి, తలుపేసుకుని ఆ పూటకి సంతాప సెలవు ప్రకటించారు.

వరండాలో బ్యాండు మేళాలవాళ్లు, వేణువులవాళ్లు తమ వంతు కోసం పడిగాపులు పడేవాళ్లు. లోపలి నుంచి "అయ్యో! పోయింది!" అని కేక వినిపిస్తే టోపీలు తీసేవాళ్లు. ఆ ముహూర్తాల్లో ఊళ్లో పెళ్లిళ్లన్నీ మేళం లేకుండానే జరిగిపోయాయి. అయినా ఎవరూ విసుక్కోలేదు. వాళ్లకీ గేదె సంగతే పట్టుకుంది.

సత్యలింగం చిక్కిపోయాడు. భోజనం బల్ల దగ్గర కూడా వేళ్లు ఎడమకీ కుడికీ కదిలేవి. హైమ ఎదురుపడితే, "మేడమ్ గారండి, దూడ ఎలాగుంటదండి? ఒక్కసారి చెప్పండి" అని అడిగేవాడు.

"నేను చెబితే ఎలాగండీ? వెళ్లి చూడాలి" అనేది హైమ. ఆయన్ని తిట్టుకుందామని ప్రతిసారీ అనుకునేది, ముఖం చూశాక మనసొప్పేది కాదు.

చివరికి గేదె దాటకుండానే ముడి వీడింది. కచేరీకి మంత్రిగారే ముఖ్య అతిథిగా వస్తానన్నారు. ఏకార్థ విధానం కింద జరిగే మొదటి కచేరీ అదే కావాలని, ఈసారి తాను సరైన చోటే ఏడవడం టీవీలవాళ్లు చూడాలని ఆయన పంతం. వెంటనే ఉత్తర్వు వచ్చింది: "మంత్రివర్యులు విచ్చేయుచున్నందున గేదె నదిని దాటినట్లుగానే భావించి అనుమతి మంజూరు చేయడమైనది."

హైమ గాలిలో తేలుకుంటూ వెళ్లి డైరెక్టరుగారికి దణ్ణం పెట్టింది. ఆయన చిరునవ్వుతో, "ఒక చిన్న సవరణ" అన్నారు.

సవరణ ఏమిటంటే, చివర్లో వచ్చే నిశ్శబ్దం.

"పట్టికలో నిశ్శబ్దమను వాద్యము లేదు. లేని వాద్యమునకు అర్థము లేదు. అర్థము లేనిదానికి అనుమతి లేదు. పైగా ఆ సమయమున మీ వాద్యకారులు ఏమియు చేయకుండుటకు పారితోషికము పొందుచున్నారు. ఆడిటువారు చూచిన మా పని ఏమగును?"

"సార్, కచేరీ అంతా దాని కోసమేనండీ. గేదె బతికిందో లేదో తెలియని క్షణం అది. దాన్ని తీసేస్తే మిగిలేది ఉత్త చప్పుడే. మీకు దణ్ణం పెడతాను, అదొక్కటీ వదిలేయండి."

"తెలియని క్షణము అంటిరి కదా! అదియే లోపము. తెలియజేయుటకే మేమున్నాము. ఆ సమయమున సత్యలింగంగారు మైకులో ప్రకటన చదువుదురు."

ప్రకటన అప్పటికే టైపు కొట్టి ఉంది: "గేదె సురక్షితముగా ఒడ్డు చేరినది. శ్రోతలు సంతోషించవలెను."

హైమ బయటికొచ్చి గోదావరి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కచేరీ మానేద్దామా అనుకుంది. మీరాసాహెబ్ పక్కన కూర్చున్నాడు. "మానేస్తే గేదె నడేట్లోనే ఉండిపోద్దమ్మాయ్" అన్నాడు. "అక్కడిదాకా తీసకపోదాం. ఆ పైన దాని అదురుష్టం."

కచేరీ రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. గుమ్మం దగ్గర ప్రతివారి చేతిలోనూ అక్షింతల పొట్లం పెట్టారు. అనుమతి పునర్వివాహానికి కదా! వేదికకు ఒక పక్కన ఒక బంట్రోతు రెండు చేతుల్లో రెండు పలకలు పట్టుకుని నిలబడ్డాడు. ఒకదాని మీద 'విచారించవలెను', రెండోదాని మీద 'ఆనందించవలెను'. ఇంకో పక్కన మైకు ముందు సత్యలింగం, చేతిలో ప్రకటన. మంత్రిగారు వేదిక వైపు చూడకుండా పలకల వైపే గుడ్లప్పగించి కూర్చున్నారు.

వాద్యకారుల ఎదుట నిలబడి హైమ చెయ్యెత్తింది, సంగీతం మొదలైంది. చినుకులు పడ్డాయి, నీరు పెరిగింది, పడవలు కదిలాయి. చుక్కమ్మ దూకింది. మీరాసాహెబ్ నాదస్వరం అందుకున్నాడు. అందుకోగానే 'ఆనందించవలెను' పలక లేచింది. ముందు వరసలోంచి డైరెక్టరుగారు "శుభం!" అన్నారు. హాలు మొత్తం లేచి వేదిక మీద అక్షింతలు చల్లింది. గింజలు డప్పుల మీద పడి ఎగిరాయి, వయొలిన్ల మీంచి జారాయి, సెల్లో పొట్టలోకి దూరిపోయాయి. హైమ కళ్లు మూసుకుంది. అంతా అయిపోయిందనుకుంది.

అప్పుడు సెల్లో మూలిగింది. లోపల గింజలు గలగలమన్నాయి. అచ్చం గోదావరి మీద వాన పడుతున్నట్టే ఉంది. హైమ కళ్లు తెరిచింది. తనకి ఎన్నాళ్లు తన్నుకున్నా దొరకని వాన అది. ఆవిడకు నవ్వొచ్చేసింది. చేత్తో సైగ చేసింది, ఇంకా, ఇంకా అని. సెల్లో అమ్మాయి వాద్యాన్ని ఊపి ఊపి వాయించింది. జనం ఉషారుగా మిగిలిన అక్షింతలు కూడా చల్లేశారు. వాన కుండపోత అయింది. సుడి వచ్చింది, డప్పులు విరుచుకుపడ్డాయి. బంట్రోతు ఏ పలక ఎత్తాలో తెలియక రెండూ చంకలో పెట్టుకుని వేదిక వైపు తిరిగి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

సత్యలింగం ఈ చోటుకి ఎన్నోసార్లు వచ్చాడు. ఇక్కడే మునిగేది. ఆయన వేళ్లు కాగితం మీద ఎడమకీ కుడికీ కదులుతున్నాయి. ఈసారి డప్పులు ఆగలేదు. నాదస్వరం తెగలేదు. సుడి దాటింది! ఆయన ఎన్నడూ వినని సంగీతం వచ్చింది. గేదె అలిసిపోయింది, నీళ్లు తాగింది, ఇంకా ఈదుతోంది. లంక దగ్గరికొచ్చింది.

వాద్యాలన్నీ ఆగిపోయాయి.

సత్యలింగం ప్రకటన చదవాల్సిన సమయం అదే. డైరెక్టరుగారు చెయ్యి ఊపారు. సత్యలింగం చూడలేదు. మైకు పట్టుకుని, మెడ చాచి, వేదిక మీద చీకటి మూల కేసి చూస్తున్నాడు. గేదె ఒడ్డు చేరినదని ఆయన చేతిలో కాగితం మీద అచ్చులో ఉంది. అయినా ఆయనకు తెలియలేదు, చేరిందో లేదో. ఊపిరి పీల్చడం మరిచిపోయాడు. హాలంతా మరిచిపోయింది. డైరెక్టరుగారు లేవబోయారు. మంత్రిగారు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని కిందికి లాగి, "ఉండవయ్యా" అని పెదాలతోనే అన్నారు.

మీరాసాహెబ్ నాదస్వరం పక్కన పెట్టి జేబులోంచి తాటాకు బూర తీశాడు. పిల్లలు ఊదుకునే బూర. దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని, లేగదూడ గొంతుతో, అపశ్రుతిగా, కీచుగా, ఒక్కసారి "మ్యా" అనిపించాడు.

హాలు బద్దలైంది. నవ్వేవాళ్లు నవ్వారు, ఏడ్చేవాళ్లు ఏడ్చారు. ఒకావిడ రెండూ ఒకేసారి చేస్తూ ముక్కు చీదుకుంది. మంత్రిగారికి కళ్లంట ధారలు. ఏది సరైనదో చూసుకుందామని వెనక్కి తిరిగారు. అక్కడ అందరూ తలో రకంగా ఉన్నారు. పలకల వైపు చూశారు. బంట్రోతు పలకలతోనే కళ్లు తుడుచుకుంటున్నాడు. మంత్రిగారు ఇంక చేసేదిలేక తనకెలా వస్తే అలా ఏడ్చేశారు. హైమ వేదిక మీద నిలబడి దణ్ణం పెడుతుంటే జడలోంచి అక్షింతలు రాలాయి. తన జీవితంలో ఆవిడ అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

మర్నాడు సత్యలింగానికి విధి నిర్వహణలో మౌనం వహించినందుకు తాఖీదు తయారైంది. అది సంతకానికి వెళ్లేలోపు మంత్రిగారు ఫోన్ చేసి, "ఆ చివరి ముక్క అద్భుతం. ఎవరు పెట్టారు?" అని అడిగారు. విశ్వపతిగారు క్షణం తటపటాయించకుండా, "సంస్థయే" అన్నారు. తాఖీదు చించేసి కొత్త ఉత్తర్వు వేశారు. వాద్యార్థ పట్టికలో చివరి వరస చేరింది. నిశ్శబ్దము: గేదె ఒడ్డు చేరుట. రాష్ట్రమంతటా తక్షణం అమలు.

అమలు జోరుగా సాగింది. బడిలో మాస్టారు కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని అడిగితే పిల్లలు నోరు మెదపలేదు. గేదె ఒడ్డు చేరినట్లు రాసుకుని ఆయన పాఠం మొదలుపెట్టాడు. శాసనసభలో వరద బాధితులకు ఇస్తామన్న సాయం ఏమైందని ప్రతిపక్షంవాళ్లు మంత్రిగారిని నిలదీశారు. మంత్రిగారు లేచి నిలబడి, పైకప్పు చూసి, మాట్లాడకుండా కూర్చున్నారు. గేదె సురక్షితంగా ఒడ్డు చేరినట్లు సభ నమోదు చేసుకుని, సంతోషించి, తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

ఆ సాయంత్రం హైమకు ఫోన్ వచ్చింది.

"మేడమ్ గారండి, సత్యలింగాన్నండి. దాటించేశానండి! సుడి దగ్గర మీ డప్పులు ఇన్నానండి. అయ్యి ఎటు మోగితే అటు కాకుండా రెండోవైపుకి తిప్పానండి. ఎల్లిపోయిందండి! దూడని చూశానండి. నుదుటి మీద దానిక్కూడా చుక్కుందండి..." అని ఆగిపోయాడు.

హైమ ఏదో అనబోయింది. ఆవిడకూ మాట రాలేదు. అటూ ఇటూ ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకుని ఇద్దరూ చాలాసేపు అలాగే ఉండిపోయారు.

ఉత్తర్వుల ప్రకారం అప్పుడు ఇంకో గేదె ఒడ్డు చేరింది.